గుమ్మం ముందు రాజు

పిట్ట ఇంకా రాలేదు. మోదుగాకు విస్తరిలో అన్నం పైపొర ఎండిపోతోంది, మటన్ కూర మీద నూనె తేలి మెరుస్తోంది, కల్లు సీసా నీడ సాగి సాగి సమాధి మట్టిని దాటింది, అయినా కాకి అన్నది ఆ దిక్కుకే రాలేదు. వేపచెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్న పాండు జేబులోంచి ఫోను సగం పైకి తీసి చూసుకున్నాడు. నాలుగూ పదమూడు. ఐదూ పది దాకా గడువు. ఇంకా యాభై ఏడు నిమిషాలు. ఎవరైనా చూశారేమోనని తలెత్తి, మళ్ళీ లోపల వేసుకున్నాడు. తమ్ముడు పోయి మూడో రోజు, పిట్టకు పెట్టే పొద్దు, అన్న అనేవాడు ఫోనులో యుద్ధం ఆట చూసుకుంటున్నాడంటే చుట్టాలు ముఖాన ఉమ్మేస్తారు. ఉమ్మేస్తే ఉమ్మేయనీ, కడుక్కోవచ్చు. ఈ యాభై ఏడు నిమిషాలు పోతే మాత్రం మళ్ళీ రావు. తమ్ముడు గోవర్ధన్‌కూ తనకూ మధ్య ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క ఆట, ఆ ఆటలో తాను ఆడాల్సిన ఒక్క ఎత్తు.

పొద్దున్నే కావాల్సిన పని ఇది. బొంబాయి నుంచి మేనత్త కొడుకులు వచ్చేసరికి పన్నెండు దాటింది, వంట అయ్యేసరికి రెండు. అందరూ సమాధికి దూరంగా జరిగి చెట్టు కింద కూర్చున్నారు, మనుషులుంటే కాకి దిగదని. బతికుండగా ఏది ఇష్టమైతే అది విస్తరి పక్కన పెట్టాలి కదా, కల్లు పెట్టారు, ఉడికిన గుడ్లు పెట్టారు, గారెలు పెట్టారు. చివర్లో మరదలు సంతోషి వెళ్ళి మొగుని ఫోను పెట్టింది. రాత్రి చార్జింగ్ కూడా పెట్టి తెచ్చింది. "తిండి లేకున్న ఉంటుండె గని గిది లేకుంటే ఉండకపోతుండె" అంది, ఎవరూ అడగకుండానే. చిన్నాయన చెన్నయ్య ఏదో అనబోయి ఊరుకున్నాడు. మూడు రోజుల కింద మొగుడు పోయిన పిల్లతో ఏమంటాడు? విమానం ఒకటి తలల మీదుగా కిందికి దిగుతూ పోయింది. మాటలు ఆగాయి, అది పోయాక ఆగిన చోటే మళ్ళీ మొదలయ్యాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిచూపులైనా పంచాయితీలైనా ఇలాగే జరుగుతాయి, ఎవరూ పైకి కూడా చూడరు.

"పిట్టలను తోలే కొలువు జేసె," అన్నాడు చెన్నయ్య మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు, "గవి యాదికి పెట్టుకున్నయో ఏందో." మాట అయితే నిజమే. గోవర్ధన్ కొలువు అదే, రన్‌వే మీద పక్షులు వాలకుండా చూడడం. జీపులో తిరుగుతూ పటాకులు పేల్చాలి, సైరన్ మోగించాలి, గద్దలనూ కొంగలనూ కాకులనూ అవతలికి తరమాలి. కాంట్రాక్టరు కింద పదేళ్ళు చేశాడు. తూర్పు కొసన రన్‌వే ఉన్నచోటే ఒకప్పుడు తాత జొన్నచేను ఉండేది. ఆ చేలో మంచె మీద నిలబడి తాత వడిసెల తిప్పుతుంటే రాయి గాలిని కోసుకుంటూ పోయిన చప్పుడు పాండుకు ఇప్పటికీ చెవిలో ఉంది. తమ్ముడికి అప్పుడు ఆరేళ్ళు, వాడికి వడిసెల అందేది కాదు, హో హో అని అరవడమే వాడి పని. కొలువులో చేరిన రోజు ఎంత మురిసిపోయాడు. "తాత ఊకెనే తోలిండు, నాకు జీతమిచ్చి తోలిపిస్తున్నరే అన్నా" అన్నాడు. అప్పుడింకా మాటలున్నాయి.

మాటలు పోయి నాలుగేళ్ళు. ఎందుకు పోయాయో ఆలోచించడానికి పాండు తల తిప్పనక్కర్లేదు, వెనక్కి చూస్తే చాలు. వేపచెట్టు వెనక రాతి కడీలు పాతిన వరుస, దాని అవతల ఎర్రమన్ను రోడ్లు, తెల్లసున్నం వేసిన ప్లాటు రాళ్ళు, గడ్డి మొలిచిన వెంచరు. చేను విమానాశ్రయం కింద పోయాక కన్న బాపు కుర్మయ్య ఈ మంఖాల్ శివారుకు వచ్చి ఎకరం కొన్నాడు. మళ్ళీ నాగలి పట్టకుండానే పోయాడు, ఆ ఎకరంలోనే మట్టి చేశారు. అన్నదమ్ములు చెరి సగం పంచుకుంటే ఈ వేపచెట్టు సగం గోవర్ధన్‌కు, బాపు సమాధి ఉన్న సగం పాండుకు వచ్చాయి. పాండు కారు కొనుక్కోవాలి, క్యాబ్ నడుపుకోవాలి, అమ్మాడు. సమాధిని కదిలించబోమని వెంచరువాడు నోటిమాట ఇచ్చాడు. నోటిమాట, కాగితం కాదు. ఒక మంగళవారం జేసీబీ వచ్చి సాపు చేసి పోయింది. బాపు ఎక్కడున్నాడో ఇప్పుడు గుర్తు కూడా పట్టలేరు, నలభై ఒకటో ప్లాటులోనో నలభై రెండులోనో. ఆ రోజు గోవర్ధన్ పాండు ఇంటికి వచ్చి గుమ్మం ముందే నిలబడ్డాడు, లోపలికి రాలేదు, "బాపును అమ్ముకున్నవ్" అన్నాడు. అంతే. పాండుకు తప్పు తనదేనని ఆ క్షణమే తెలిసింది, తెలిసి కూడా "నాది నేను అమ్ముకున్న, నీకేంది" అన్నాడు. అంటూనే గుమ్మం తలుపు వేశాడు. ఎందుకు వేశాడు? నోరు మూసుకుని నిలబడితే ఏం పోయేది? ఆ తలుపు చప్పుడు నాలుగేళ్ళుగా లోపల కొట్టుకుంటూనే ఉంది. తరువాత ఒకే పెళ్ళిలో వేరువేరు బంతుల్లో తిన్నారు, ఒకే పీర్ల పండుగలో చెరో పక్క నిలబడ్డారు. దసరా వస్తే జమ్మి ఆకు పట్టుకుని చిన్నవాడు పెద్దవాడి గడపకు రావాలి, చేతిలో ఆకు పెట్టి కాళ్ళు మొక్కాలి, పెద్దవాడు లేపి గుండెకు హత్తుకుని అలాయిబలాయి తీసుకోవాలి. మూడు దసరాలు ఆకు రాలేదు. మూడు దసరాలూ పాండు సందులో బండి చప్పుడైతే చెవి అటు వేసి, అది కాదని తెలిశాక టీవీ గట్టిగా పెట్టాడు.

నాలుగూ ఇరవై ఆరు. ఒక కాకి దూరంగా అరిచింది, వెంచరు అవతల ఎక్కడో. అందరి తలలూ అటు తిరిగాయి. రాలేదు.

ఆటలోకి పాండు వచ్చింది వేరే పనిలేకే. విమానాశ్రయం దగ్గర క్యాబులు నిలిపే మైదానంలో బుకింగ్ వచ్చేదాకా రెండు గంటలు, మూడు గంటలు పడి ఉండాలి. సీటు వెనక్కి వాల్చి కొందరు నిద్రపోతారు, కొందరు కారు నీడలో పేకాడతారు, మిగతావాళ్ళు ఫోనులో ఏదో ఒకటి. ఈ ఆట పేరు రాజ్యం. ఊరికే ఆడుకోవచ్చు. బంగారు కత్తులు కొనమని మధ్యమధ్య అడుగుతుంది, కొనకపోతే ఏమీ అనదు. గళ్ళ నేల, రెండు కోటలు, ఇద్దరు రాజులు, ఏనుగులు, కాల్బలం. నువ్వొక ఎత్తు వేస్తే ఎదుటివాడి ఫోనులో నగారా మోగుతుంది, ఇక వాడి వంతు. వాడు వేసేదాకా నువ్వు కదలరాదు. డెబ్బై రెండు గంటల్లో వెయ్యకపోతే ఓడినట్టు రాసుకుని ఆట మొత్తం చెరిపేస్తుంది. నిదానం మనుషుల ఆట. పాండు తన అసలు పేరే పెట్టుకున్నాడు, పాండు కుర్మయ్య, మంఖాల్ అని. రెండేళ్ళ కింద ఒక పొద్దున ఎవడో పోటీకి పిలిచాడు. వాడి పేరు వడిసెల.

పేరు చూసి అనుమానపడలేదంటే పడలేదు. నాలుగో ఆటలో తెలిసింది. ఒక ఏనుగును ఒంటరిగా, దిక్కులేనిదానిలా, మైదానం మధ్యలో వదిలాడు. పాండు సంబరంగా వెళ్ళి పట్టాడు, నాలుగు దిక్కులా కాల్బలం కమ్ముకుంది. కారులో ఒక్కడే కూర్చుని పెద్దగా నవ్వాడు పాండు. చిన్నప్పుడు కొట్టంలో రాతిబండ మీద బొగ్గుతో గీసుకుని పులీమేకా ఆడేవాళ్ళు. గోవర్ధన్ ఎప్పుడూ అంతే, ఒక మేకను ఊరికే ముందుకు తోసి, ఏమీ ఎరగనట్టు చెవి గోక్కునేవాడు. దొంగ వెధవ. చెవి గోక్కుంటున్నాడని తెలిసినా పాండు పులి వెళ్ళి ఆ మేకను తినేది, మరుక్షణం పులికి దారి మూసుకుపోయేది. ఆ చెవి గోక్కోవడం ఫోనులో కనబడకపోయినా కనబడింది.

అట్లా రెండేళ్ళు. ఆటలో రాసుకోవడానికి ఒక చిన్న డబ్బా ఉంది, ఇద్దరిలో ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. ముందు రాసినవాడు లోకువ. గోవర్ధన్ ఎత్తు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చేది, డ్యూటీకి పోయే ముందు. వాడు లేచాడన్నమాట, బాగున్నాడన్నమాట అనుకుని పాండు పక్కకు తిరిగి పడుకునేవాడు. పోయినేడాది పాండుకు డెంగీ వచ్చి దవాఖానలో పడ్డప్పుడు మూడు రోజులు ఎత్తు వెయ్యలేదు, ఆట చెరిగిపోయింది. నాలుగో రోజు ఎవరో బొప్పాయి ఆకు రసం సీసా దవాఖాన గేటు దగ్గర ఇచ్చి పోయారని నర్సు తెచ్చి పెట్టింది. పేరు చెప్పలేదంది. ఇంటికి వచ్చి ఫోను తెరిస్తే వడిసెల నుంచి కొత్త ఆటకు పిలుపు. చెప్పాలా ఇంక ఎవరిచ్చారో? ఒక్క ఫోను చేస్తే అయిపోయేది. తమ్మీ, రసం తాగిన రా, చేదున్నది అంటే అయిపోయేది. చెయ్యలేదు. పంతం పాడుగాను, అన్నం పెట్టదు, నీళ్ళు పొయ్యదు, అయినా దాన్ని ఎంత భద్రంగా పెంచుకున్నాడు.

నాలుగూ నలభై. చిన్నాయన లేచి వచ్చి పాండు పక్కన కూర్చున్నాడు. "ఏమన్న కోరిక ఉన్నదేమో బిడ్డా. ఉంటే ముట్టదు పిట్ట. మొక్కు. వాని బిడ్డను సూసుకుంటనని జెప్పు."

పాండు చేతులు జోడించాడు. "నీ బిడ్డను సూసుకుంట తమ్మీ. సంతోషికి ఏ కష్టం రానియ్య." నాలుగేళ్ళ తరువాత తమ్ముడితో మాట్లాడిన మొదటి మాట ఇది, మట్టితో. మేనత్త కొడుకులు ఏడవడం మొదలుపెట్టారు. ఎక్కడిదో ఒక కాకి, ఒకే ఒక్కటి, ఎగిరి వచ్చి నలభై ఒకటో ప్లాటు రాయి మీద వాలింది. కాకి మెడ అటూ ఇటూ తిప్పి విస్తరి వైపు చూసింది. అక్కడే కూర్చుంది, దిగలేదు.

మొన్న దసరా రోజు పాండు ఇంట్లో లేడు. పండుగ బుకింగులు ఎక్కువ. సాయంత్రం ఐదూ పదికి, మైదానంలో ఉండగా, నగారా మోగింది. తెరిచి చూస్తే వడిసెల రాజు కోట విడిచి బయటికి వచ్చేశాడు. అంతకు ముందు రెండు మూడు ఎత్తులుగా కాల్బలాన్ని వెనక్కి పంపుతుంటే ఏం ఎత్తుగడో అనుకున్నాడు, ఇదా! వెనక ఏనుగు లేదు, పక్కన బంటు లేడు, ఒక్క రాజు, పాండు కోట గుమ్మం ముందు గడిలో, మూసిన తలుపు ఎదుట. ఒక్క వేటుతో ఆట అయిపోతుంది. మేక, అనుకున్నాడు పాండు. చెవి గోక్కుంటున్నాడు. ఎటునుంచి కమ్ముకుంటాడో అని గళ్ళన్నీ వెతికాడు, ఏమీ కనబడలేదు, కనబడలేదు కాబట్టే మరింత అనుమానం వచ్చింది. అప్పుడే బుకింగ్ మోగింది. ఉండనీ, తొందరేం ఉంది, మూడు దినాలున్నాయి, నిలబడనీ గుమ్మం ముందు, అనుకున్నాడు. సరిగ్గా అవే మాటలు. అనుకుని, నవ్వుకుని, కారు స్టార్ట్ చేశాడు. మర్నాడు పొద్దున్నే ఐదింటికి సంతోషి ఫోను. నాలుగేళ్ళలో మొదటిసారి. బూట్లు వేసుకుంటూ పక్కకు ఒరిగాడట, గుండె. ముప్పై నాలుగేళ్ళు. దవాఖాన దాకా తీసుకుపోయారు గాని దక్కలేదు.

సంతోషి వచ్చి నాలుగడుగుల దూరంలో కూర్చుంది, కాకి వైపే చూస్తోంది. పెదవులు ఎండిపోయాయి. "బావా, ఒకటి అడుగుత. కోపం జెయ్యకు." పాండు తల ఊపాడు. "దసర నాడు మీ తమ్ముడు నిన్ను ఏమన్న అడిగిండా?"

"నన్నా? లేదమ్మా. ఏం అడుగుతడు?"

"జమ్మి ఆకు అంగీ జేబుల వెట్టుకున్నడు. ఈ యేడు అన్న దగ్గరికి పోత అన్నడు. మరి పోరాదు అంటే, గట్ల ఎట్ల పోత, మల్ల తలుపు ఏస్తడు, ముందుగాల అడిగిన, జవాబు వస్తె పోత అన్నడు. ఎట్ల అడిగినవంటే ఫోన్‌ల అన్నడు. తెల్లందాంక గా ఫోన్ సూసుకుంటనే కూసున్నడు బావా. నిద్ర పో అంటే, అన్న డ్యూటీల ఉండొచ్చు, సూసుకోలేదేమో అంటడు." సమాధి దిక్కు చూసింది. "జేబుల ఆకు అట్లనే ఉన్నది. అంగీతోనే మట్టి జేసినం."

విమానం ఒకటి పోయింది. దాని చప్పుడు నిండా ఉన్నంతసేపు పాండు నోరు తెరిచే ఉన్నాడు, ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు, ఏమీ అనలేదేమో. ఎర కాదు. మేక కాదు. చిన్నవాడు పెద్దవాడి గడపకు వచ్చి నిలబడ్డాడు, అంతే, దసరా పూట ఏ ఇంట్లో అయినా జరిగేదే. కత్తి, ఏనుగు, బలగం అన్నీ ఇంట్లో పెట్టి, వట్టి చేతులతో, నాలుగేళ్ళ కింద తాను ఏ తలుపు ముఖం మీద వేశాడో ఆ తలుపు ముందుకే వచ్చి. పసిపిల్లకైనా అర్థమవుతుంది. తనకు కాలేదు. తమ్ముడంటే మోసం చేసేవాడేనని బుర్రలో పాతుకుపోయింది, చేసిన మోసం తనదై ఉండి. తెల్లవార్లూ కూర్చున్నాడట, చూసుకోలేదేమో అన్నాడట, అప్పుడు కూడా తననే వెనకేసుకొచ్చాడు. పాండుకు నేలకేసి తల కొట్టుకోవాలనిపించింది. కాకి ఉంది, కొట్టుకుంటే ఎగిరిపోతుంది.

ఐదూ మూడు. ఫోను బయటికి తీశాడు. ఈసారి దాచలేదు.

"పాండూ, గదేంది," అన్నాడు చెన్నయ్య, గొంతు తగ్గించి, పళ్ళ మధ్య నుంచి. "పిట్ట దిగెటప్పుడు ఫోన్ ఏంది. లోపల వెట్టు."

గళ్ళ నేల తెరుచుకుంది. పైన గడువు ఎర్రగా కరుగుతోంది. ఆ రాజు అక్కడే ఉన్నాడు, పాపం, మూడు రోజులుగా, గుమ్మం ముందు, తలుపుకేసి ముఖం పెట్టి. వేటు వేస్తే పాండు గెలుస్తాడు. ఏమీ చెయ్యకపోతే ఏడు నిమిషాల్లో ఆట చెరిగిపోతుంది, రాజు, గుమ్మం, అడిగిన మాట, అన్నీ, నలభై ఒకటో ప్లాటులాగే సాపు. ఇంకొకటి ఉంది. లోపలి నుంచి కోట తలుపు తియ్యవచ్చు. శత్రువు రాజు ఎదురుగా ఉండగా తలుపు తీసేవాడు ఆ ఆటలో ఉండడు, అంతకన్నా తెలివితక్కువ ఎత్తు లేదు. తీస్తే వంతు తమ్ముడిదవుతుంది. వాడు రాడు. రాడని తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, ఆ ఆకు కూడా మట్టి కిందికి పోయింది. అయినా జవాబు అడిగాడు కదా. అడిగినవాడు పోయాడని జవాబు ఎగ్గొడతామా? ఐదూ ఆరు. కాకి రాయి మీది నుంచి దిగింది. గెంతింది. ఇంకొకసారి గెంతింది. విస్తరికి రెండు జానల దూరంలో ఆగి మెడ చాచింది. చెట్టు కింద అందరి చేతులూ జోడించి ఉన్నాయి. పాండు బొటనవేలు తలుపు మీద ఆనింది.

నగారా మోగింది. పాండు చేతిలోది కాదు, విస్తరి పక్కన, మట్టి మీద ఉన్న ఫోను, రన్‌వే మీద పటాకుల మధ్య కూడా వినబడాలని గొంతు నిండా పెట్టుకున్న ఫోను. ఢమఢమ మూడుసార్లు. కాకి అదిరి లేచి, కడీల మీదుగా, ప్లాట్ల మీదుగా, రన్‌వే దిక్కుకు వెళ్ళిపోయింది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. ముట్టబోయిన పిట్టను తోలిండు అని ఒకరు, పాడు ఫోన్ అక్కడెందుకు పెట్టిర్రు అని ఒకరు. చచ్చి కూడా వాని కొలువు వాడు జేస్తనే ఉన్నడు అని మేనత్త కొడుకు అంటూ ఏడ్చాడు. సంతోషి మాత్రం లేచి వెళ్ళింది. వంగి, ఫోను అందుకుని, మట్టి తుడిచి, అద్దం మీద వచ్చిన మాటలు కూడబలుక్కుని చదివింది. "పాండు కుర్మయ్య కోట తలుపు తెరిచాడు. మీ వంతు." మళ్ళీ ఒకసారి చదివింది, ఈసారి పైకి కాదు. తలెత్తి బావ వైపు చూసింది. ఆ చూపుకు తాళలేక పాండు రెండు చేతులతో ముఖం కప్పుకుని, నాలుగేళ్ళదీ కలిపి, నలుగురిలో, గట్టిగా ఏడ్చాడు. ఆమె వచ్చిన జవాబును, ఫోనును, మళ్ళీ విస్తరి పక్కనే, ఆయనకు అందేటట్టు పెట్టింది.

పొద్దు వెంచరు రాళ్ళ వెనక్కి వంగింది. చెన్నయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. "ఇగ రాదు. పొద్దు గూకుతున్నది. విస్తరి తీసి వట్టి అన్నం ఆవుకు పెట్టుర్రి, మనం ఇండ్లకు పోదాం."

"జర ఆగు చిన్నాయన," అన్నాడు పాండు, ముఖం తుడుచుకుంటూ. "ఇప్పుడు వాని వంతు."